రిసెప్షన్‌లో చిలక ఎందుకు వద్దంటున్నానంటే



గత రెండు పేరెంట్స్ మీటింగుల తర్వాత సలహాల పెట్టె తెరిస్తే, బస్సు టైమింగులు, హోంవర్కు, ఫీజు వాయిదాల వంటి మామూలు విషయాల మధ్య ఒక కొత్త కోరిక కనబడింది. నాలుగు వేర్వేరు చేతిరాతల్లో ఒకటే మాట. రిసెప్షన్‌లో ఒక చిలకను పెడితే నర్సరీ పిల్లలు ఏడవకుండా లోపలికి వస్తారట. ఒకరైతే పంజరం ఖర్చు తామే పెట్టుకుంటామని కూడా రాశారు. మంచి మనసుతో ఇచ్చిన సలహా ఇది. అలాంటి సలహాకు "పరిశీలిస్తాం" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవడం మర్యాద కాదు. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ఇవి క్యాంపస్‌లో జీవశాస్త్రం చెప్పే టీచరుగా నా సొంత అభిప్రాయాలు. యాజమాన్యం మాటగా తీసుకోవద్దని మనవి.

ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన ఊళ్ళో గానీ, బెజవాడలో గానీ బజారులో ఒక గంట తిరిగితే కౌంటరు పక్కన వేలాడే పంజరం ఎక్కడో ఒకచోట కనబడుతుంది. కిరాణా కొట్టులో, టైలరింగ్ షాపులో, ఫైనాన్సు ఆఫీసులో. వచ్చినవాళ్ళను అది పలకరిస్తుంది, పిల్లలు కాసేపు నిలబడతారు, ఈలోగా అమ్మ చీర చూసుకుంటుంది. వ్యాపారానికి మంచిదే. మా పిల్లల్లో ఎంతోమందికి చిలక అనగానే గుర్తొచ్చేది చెట్టు మీద చిలక కాదు, ఏదో ఒక కొట్లో చిలక. ఏడో తరగతిలో ఒకసారి "చిలక ఎక్కడ నివసిస్తుంది?" అని అడిగితే ఒక అబ్బాయి ఠక్కున ఒక బట్టల కొట్టు పేరు చెప్పాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ జవాబు తర్వాత చాలాసేపు నాతోనే ఉండిపోయింది.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు కూడా పెద్దగా పట్టించుకోరు. మన పచ్చ రామచిలక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న పక్షి. దేశంలోని అడవి పక్షుల అమ్మకం, కొనుగోలు 1990ల మొదటినుంచీ నిషేధంలో ఉన్నాయి. ఆ చట్టాన్ని పార్లమెంటు 2022లో సవరించింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటిదాకా నాలుగో షెడ్యూలులో ఉన్న రామచిలక దానితో రెండో షెడ్యూలులోకి చేరింది. పట్టుకోవడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరమే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలకకూ ఈ రక్షణ ఉంది. "మా తాతల కాలం నుంచీ పెంచుతున్నాం" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

ఇంకో సంగతి. రాష్ట్రం విడిపోయాక పాలపిట్ట తెలంగాణకు వెళ్ళింది. 2018లో మన ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర పక్షిగా రామచిలకను ప్రకటించుకుంది. జనరల్ నాలెడ్జ్ పరీక్షలో ఈ ప్రశ్నకు మన పిల్లలంతా సరైన గడిలోనే టిక్కు పెడతారు. ఆ పరీక్ష రాసి బయటికొచ్చేసరికి రిసెప్షన్‌లో అదే రాష్ట్ర పక్షి కటకటాల వెనక కనబడితే, మేం పాఠం చెప్పినట్టా చెప్పనట్టా?

కొందరు తల్లిదండ్రులు, "సార్, మేం అడిగేది లవ్ బర్డ్స్ లాంటివి" అనవచ్చు. మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీలు. తలమీద కుచ్చు ఉండే కాకటీలుదీ ఆ దేశమే. తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్న జాతులు ఇవి. మన అడవి పక్షుల మీద ఉన్న నిషేధం వీటికి వర్తించదు. ఆఫ్రికన్ గ్రే వంటి ఖరీదైన చిలకల సంగతి వేరు. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉన్న అలాంటి జీవుల్ని పెంచేవాళ్ళు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కాబట్టి చట్టం ప్రకారం బడ్జీలు పెట్టుకోవచ్చు. రిసెప్షన్‌లో మాత్రం అవి కూడా వద్దనే నా అభిప్రాయం. ఆ చోటు ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

చిలక జాతి పక్షికి రోజుకు పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. కొట్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి. మా రిసెప్షన్‌లో స్టడీ అవర్ అయ్యేదాకా అంతే. పొద్దున షట్టరు ఎత్తగానే కౌంటరు మీద అగరుబత్తి, సాయంత్రం దోమల చక్రం, మధ్యలో ఫినాయిలు, రూమ్ స్ప్రే. పక్షుల ఊపిరితిత్తులు మనవాటిలాంటివి కావు. వాటికి ఒళ్ళంతా గాలి సంచులు ఉంటాయి. పీల్చిన గాలిలోంచి మనకంటే ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటాయి, అదే వేగంతో విషాన్నీ తీసుకుంటాయి. బ్రిటన్ బొగ్గు గనుల్లో కార్మికులు కెనరీ పిట్టల్ని పంజరాల్లో లోపలికి తీసుకెళ్ళేది అందుకే. విషవాయువు ఉంటే మనిషి కంటే ముందు పిట్ట పడిపోయేది. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాక, 1986లో అక్కడ ఆ పిట్టలకు సెలవిచ్చారు. పని చోట పక్షిని పెట్టడంలో మనుషులకు ఉన్న పాత అనుభవాల్లో అదొకటి. పక్షికి మాత్రం కలిసొచ్చిన అనుభవం కాదు.

తిండి సంగతి ఇంకా అన్యాయం. వచ్చే ప్రతి కస్టమరూ ఏదో ఒకటి పెడతాడు. టీలో ముంచిన బిస్కెట్టు, మిక్చరు, చాక్లెట్టు ముక్క. చాక్లెట్టు చిలకకు విషం, అవకాడో కూడా అంతే. ఇవి లేకపోతే యజమాని పోసే పొద్దుతిరుగుడు గింజలు. పొద్దున్నుంచి రాత్రిదాకా అవే తింటే కాలేయానికి కొవ్వు పడుతుంది, విటమిన్ ఏ తగ్గుతుంది. అన్నట్టు, పచ్చిమిరపకాయ పెడితే చిలకకు కారం వెయ్యదా అని పిల్లలు తరచూ అడుగుతారు. వెయ్యదు. మిరపలోని కారపు పదార్థం మన నాలుక మీద మంట పుట్టిస్తుంది గానీ పక్షులకు ఆ మంట తెలియదు. మిరప మొక్కకు తన గింజల్ని మోసుకెళ్ళే పిట్ట కావాలి, గింజల్ని నమిలి పాడుచేసే ఎలుక అక్కర్లేదు. ఈ ఒక్క విషయం మీద క్లాసులో ఒక పీరియడు హాయిగా గడిచిపోతుంది, దానికి పంజరం అక్కర్లేదు.

ఆదివారం సంగతి ఎవరూ అడగరు. శనివారం రాత్రి షట్టరు దించితే సోమవారం పొద్దున దాకా ఆ చీకటి గదిలో అది ఒక్కతే. మనకు దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు ఉన్నాయి. చిలక పాతికేళ్ళకు పైగా బతకగలదు. ఈ రోజు నర్సరీలో చేరిన పాప చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకున్నా ఆ చిలక ఇంకా ఉండవచ్చు. అన్నేళ్ళలో రిసెప్షనిస్టులు ఎంతమంది మారతారు, ప్రిన్సిపాళ్ళు ఎంతమంది మారతారు? దాని నీళ్ళ గిన్నె ఎవరి డ్యూటీ?

ఎవరి డ్యూటీయో నాకు తెలుసు. మా ఆయాలదే అవుతుంది. ఏ ఆఫీసులోనైనా "మనందరి పెంపుడు పక్షి" అన్నదాని పంజరం కడిగేది చివరికి జీతం తక్కువ ఉన్న మనిషే. ఫొటోలు దిగేది మిగతావాళ్ళు. చిలకల నుంచి మనుషులకు సిట్టకోసిస్ అనే జబ్బు సోకుతుంది. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరిలోకి పోతే జ్వరం, పొడి దగ్గు, కొందరికి న్యుమోనియా వస్తాయి. అది అరుదైన జబ్బే, యాంటీబయాటిక్ మందులతో తగ్గుతుంది. దాన్ని చూపి మిమ్మల్ని భయపెట్టను. కానీ ఆ దుమ్ము రోజూ ఊడ్చే మనిషిని ఒక్కసారైనా అడగకుండా పంజరం తెచ్చి పెట్టడం సరైన పద్ధతి కాదు. ఆస్తమా ఉన్న పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రుల్ని కూడా ఎవరూ అడగలేదు.

ఇక మాటల సంగతి. చిలకను కొట్లో పెట్టుకునేది అది మాట్లాడుతుందనే కదా. అడవిలో రామచిలక మనిషి మాట ఒక్కటీ పలకదు. దానికి ఆ అవసరమే లేదు. అది గుంపులో బతికే జీవి. తోటి చిలకల అరుపుల్ని విని, అనుకరించి, వాటితో కలిసిపోతుంది. తోటి చిలకలు లేనిచోట ఎదురుగా ఉన్న మనుషుల్నే తన గుంపు అనుకుని వాళ్ళ శబ్దాలు నేర్చుకుంటుంది. "రండి, కూర్చోండి" అని అది అంటే మనకు ముచ్చటేస్తుంది. ఆ మాట అది నేర్చుకున్నదే తోడు లేక. ఏ మాటా నేర్వక, తన ఈకలు తానే పీక్కుని బోసి ఛాతీతో కూర్చునే చిలకలూ ఉంటాయి. వాటిని మాత్రం ఎవరూ కౌంటరు ముందు పెట్టరు.

పని చోట బతికిన చిలకల్లో ప్రపంచంలోకెల్లా పేరుపొందింది అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త దాన్ని 1977లో షికాగోలో ఒక పక్షుల దుకాణంలో కొన్నారు. ముప్పై ఏళ్ళు పరిశోధనశాలల్లోనే గడిపింది. రంగులు, ఆకారాలు, చిన్న చిన్న అంకెలు గుర్తుపట్టి ఇంగ్లీషులో చెప్పేది. నూరు మాటల దాకా వచ్చని అంటారు. 2007లో చనిపోతే ప్రపంచమంతా పత్రికలు రాశాయి. దాన్ని అంతదాకా తీసుకురావడానికి రోజంతా ఎవరో ఒకరు దానితోనే కూర్చునేవారు. అదే వాళ్ళ ఉద్యోగం. అడ్మిషన్ల సీజన్‌లో మా రిసెప్షన్ మేడమ్‌కు మంచినీళ్ళు తాగే తీరిక ఉండదు. (చిలకపలుకుల చదువని కార్పొరేట్ స్కూళ్ళ మీద ఒక విమర్శ ఎప్పటినుంచో ఉంది. గేటు లోపలే చిలకను పెట్టి ఆ విమర్శకు బొమ్మ కూడా మనమే గీసివ్వడం దేనికి అని ఒక సహోపాధ్యాయురాలు నవ్వుతూ అన్నారు. ఆ మాటా రాయమన్నారు, రాశాను.)

మన నేల మీద చిలకకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళలో మొదట గుర్తొచ్చేది చిలకజోస్యం చెప్పేవాళ్ళు. తిరునాళ్ళలో రావిచెట్టు కింద చాప పరచి, పేరు చెప్పగానే తలుపు తీస్తే, చిలక బుడిబుడి నడకలతో వచ్చి ఒక కార్డు లాగి, ఒక గింజ అందుకుని తిరిగి లోపలికి వెళ్ళిపోతుంది. మనలో చాలామంది చిన్నప్పుడు కళ్ళార్పకుండా చూసిన దృశ్యమే. చట్టం దృష్టిలో అదీ నేరమే, ఆ పక్షికీ రెక్కలు కత్తిరించే ఉంటాయి. కానీ నాకు ఒక సంగతి మింగుడుపడదు. అటవీ అధికారులు పట్టుకున్నారని పేపర్లో వచ్చేది ఎక్కువగా ఈ జోస్యగాళ్ళ గురించే. ఆ మనిషికి కూడు పెట్టేది ఆ చిలక ఒక్కటే. ఏసీ షోరూములో అలంకారానికి పెట్టుకున్న చిలక జోలికి ఎవరూ పోరు. ముందు మార్చుకోవలసింది ఏదీ కోల్పోకుండా మార్చుకోగలిగినవాళ్ళు. అంటే మనం.

ఈ సలహా ఇచ్చినవాళ్ళ వాదనలో బలం లేదని నేను అనను. జూన్ నెలలో మొదటి వారం మా గేటు దగ్గర ఏడుపులు నేనూ వింటున్నాను. ఎవరితోనూ మాట్లాడని పిల్లవాడు ఒక జంతువుతోనో పక్షితోనో మాట్లాడటం మొదలుపెట్టడం టీచర్లకు కొత్త కాదు. ప్రాణమున్నదాన్ని దగ్గర నుంచి చూడటం వల్ల పిల్లల్లో పుట్టే మెత్తదనం ఏ డిజిటల్ క్లాసూ ఇవ్వలేదు. అది నిజం. కానీ పంజరంలోని చిలకను చూసి ఆ పిల్లవాడు రెండు సంగతులు నేర్చుకుంటాడు. ఒకటి, చిలక అందంగా ఉంటుందని. రెండోది, నచ్చినదాన్ని పట్టి దగ్గర పెట్టుకోవచ్చని. రెండోది మనం నోటితో చెప్పం, అయినా వాడు మరిచిపోడు. మన పెద్దలు ఈ విషయంలో మనకంటే కచ్చితంగా ఉండేవారేమో. భద్రాచలం రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గింది పూర్వజన్మలో ఒక చిలకను పంజరంలో బంధించినందుకే అని మన ఇళ్ళల్లో కథ చెబుతారు. అంత భక్తుడికి కూడా, సాక్షాత్తూ రాముడు దిగివచ్చి పైకం కట్టేదాకా, ఆ లెక్కలో మినహాయింపు దొరకలేదు.

సంతలో కొనే పిల్ల చిలక ఎక్కడినుంచి వస్తుందో కూడా మన పిల్లలకు తెలియాలి. చలికాలం చివర, ఎండలు ముదరకముందు, చిలకలు చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. పాత చింతచెట్టు, తలపోయిన తాటిమోడు వాటికి ఇష్టమైన ఇళ్ళు. మూడు నాలుగు గుడ్లు, మూడు వారాలు దాటి పొదుగుడు, ఆ తర్వాత ఆరేడు వారాలు తల్లీతండ్రీ తిండి తెచ్చి పెడతాయి. ఈకలు పూర్తిగా రాకముందే తొర్రలో చెయ్యి పెట్టి పిల్లల్ని తీసేస్తారు. గోనెసంచుల్లో, బుట్టల్లో కుక్కి ఊళ్ళు దాటిస్తుంటే దారిలోనే కొన్ని చచ్చిపోతాయి. బతికినదాన్ని మనం కొంటాం. "అది మా దగ్గర సుఖంగానే ఉందండీ" అంటాం. మెడ చుట్టూ ఆ గులాబీ రంగు గీత మగదానికే, అదీ రెండు మూడేళ్ళ వయసుకు గానీ రాదు. గీత లేని ఎంతో పిల్ల చిలకకు అప్పటికే పంజరంలో మూడేళ్ళు గడిచి ఉంటాయి.

ఇప్పటికే కొట్లోనో ఆఫీసులోనో చిలక ఉన్న తల్లిదండ్రులు ఇది చదివి నొచ్చుకోవద్దని కోరుతున్నాను. మీలో ఒకరు నాతో అన్నారు, "గాలివానకు తొర్రలోంచి కిందపడితే తెచ్చి పెంచానండీ, ఇప్పుడు వదిలేయమంటే ఎక్కడికి పోతుంది?" ఆ ప్రశ్న న్యాయమైనదే. దయచేసి పంజరం తలుపు తీసి వదిలేయకండి. రెక్కల ఈకలు కత్తిరించిన చిలక ఎగరలేదు. కొత్త ఈకలు రావడానికి నెలలు పడుతుంది. ఏళ్ళ తరబడి గిన్నెలో తిన్న పక్షికి తిండి వెతుక్కోవడం తెలియదు, పిల్లినీ కాకినీ చూసి దాక్కోవడం తెలియదు. పశువైద్యుడికి చూపించి, అటవీ శాఖ ఆఫీసులో మాట్లాడి, అప్పగించినట్టు కాగితం తీసుకుని అప్పగించడమే పద్ధతి. ఈలోగా దాన్ని పొగకు, లైట్లకు దూరంగా జరపండి. సాయంత్రం ఏడుకల్లా గుడ్డ కప్పండి. పెద్ద పంజరం, కొరకడానికి వేపపుల్ల, జామ, కూరగాయల ముక్కలు ఇవ్వండి. ప్రేమతో పెంచానన్న మాట నేను నమ్ముతాను. అయినా సొంతంగా ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇందులో మధ్యేమార్గం నాకు కనబడలేదు.

పంజరం లేకుండా పని చోట చిలకలు ఉండలేవా? చెన్నై రాయపేటలో కెమెరాలు బాగుచేసే ఒకాయన కథ చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2004 సునామీ తర్వాత తన మేడ మీదికి వచ్చిన కొద్దిపాటి చిలకలకు ఆయన నానబెట్టిన బియ్యం పెట్టడం మొదలుపెట్టారు. ఏళ్ళు గడిచేసరికి పొద్దునా సాయంత్రం వేల చిలకలు ఆ మేడ మీద వాలేవి. చెక్క పలకల మీద వరసలుగా బియ్యం పరిచి, ఆయన పక్కకు తప్పుకునేవారు. ఒక్కదాన్నీ పట్టుకోలేదు.

మనకు వేలు అక్కర్లేదు. చెరకు తోటల మధ్య ఉన్న ఊరు మనది. సాయంత్రం ఐదున్నర దాటాక మా మేడ మీద నిలబడితే గుంపులు గుంపులుగా కీచుమంటూ చిలకలు గూళ్ళకు పోతుంటాయి. వాటిని చూసి సంతోషించే ముందు జామతోట, మొక్కజొన్న చేను ఉన్న రైతు తల్లిదండ్రులు నన్ను కోప్పడతారని తెలుసు. చిలక కొట్టిన పండు తియ్యన అంటాం గానీ, కొట్టిన పండును వ్యాపారి కొనడు. అందుకే క్యాంపస్‌లో పెద్ద ఎత్తున గింజలు చల్లి గుంపుల్ని చేరదీసే ఆలోచన నాకు లేదు. వెనకవైపు ఎండిన తాటిమోడు ఒకటి ఉంది. దాన్ని కొట్టేయాలని అనుకుంటున్నారు. ఆట స్థలానికి దూరంగానే ఉంది కాబట్టి అలాగే ఉంచమని అడిగాను. నీడలో రెండు మట్టి మూకుళ్ళతో నీళ్ళు. నర్సరీ వరండా చూరుకు మన పెద్దలు పిచ్చుకల కోసం కట్టినట్టే వరికంకుల కుచ్చులు నాలుగు. కోత అయ్యాక కంకులు ఇవ్వగలిగిన రైతులు ఉంటే తెలియజేయండి. కుచ్చు అల్లడం తెలిసిన అమ్మమ్మలు, తాతయ్యలు ఒక శనివారం వచ్చి మా పిల్లలకు నేర్పితే ఇంకా సంతోషం. ఏడ్చే నర్సరీ పిల్లల్ని ఆ వరండా వైపునుంచి లోపలికి తీసుకొద్దాం. పిట్ట వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు దేశమంతా స్కూళ్ళు, కాలేజీలు తమ ఆవరణలో కనబడే పక్షుల్ని లెక్కపెడతాయి. క్యాంపస్ బర్డ్ కౌంట్ అంటారు. ఈసారి మన ఎనిమిదో తరగతి పిల్లలు పాల్గొంటారు. పొద్దున అసెంబ్లీకి ముందు ఇరవై నిమిషాలు, సాయంత్రం బస్సులు బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు, మేడ మీద, టీచరు పక్కన ఉండగా. మార్కులు లేవు, స్టడీ అవర్‌కు అడ్డు రాదు. అనుమతి పత్రం వచ్చే వారం డైరీలో అంటిస్తాం, సంతకం చేసి పంపండి. ఇంట్లో బైనాక్యులర్లు ఉన్నవాళ్ళు పిల్లవాడి పేరు, సెక్షన్ రాసి ఆ నాలుగు రోజులకు ఇవ్వగలిగితే, శుభ్రంగా తుడిచి తిరిగి పంపుతాం.